పొగ లేని నిప్పు

ఇంట్లో పిహెచ్.డి. చేసే పిల్ల ఉంటే ఎన్ని చిక్కులో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పిల్ల డాక్టరు చదువుతోందంటే చెప్పడం సులువు. బ్యాంకులో ఉద్యోగమంటే ఇంకా సులువు. "సాఫ్ట్‌వేరు" అనేస్తే ఎదుటివాళ్ళు జీతమెంతో అడిగి, నిట్టూర్చి ఊరుకుంటారు. మా అక్క కూతురి సంగతి అలా కాదు. దాని చదువేమిటో ఒక్క ముక్కలో చెప్పలేక ఈ నాలుగేళ్ళలో నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

"మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని పేరంటంలో ఎవరో ఒకరు అడుగుతారు.

"కంప్యూటర్లలో రీసెర్చి."

"ఓహో, ఇప్పుడు కొత్తగా వచ్చిందే, మనిషిలాగే మాట్లాడుతుందీ, అదా?"

"అది కాదండీ. కంప్యూటరుకి పని చెప్పడానికి భాషలుంటాయి కదా, వాటిమీద. భాషలూ, తర్కమూనూ."

"తర్కమా! అయితే లాయరవుతుందన్నమాట!"

ఇక నేను శనగలు కొంగున కట్టుకుని ఇంటిదారి పడతాను.

మేముండేది సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో. సేఠ్ రాంగోపాల్ అనే వర్తకుడి పేరు మీద వెలిసిన పేట ఇది. ఒకవైపు ఉజ్జయినీ మహంకాళి గుడి. ఇంకోవైపు కాగితాల్లో మహాత్మాగాంధీ రోడ్డూ, పాతవాళ్ళ నోట్లో జేమ్స్ స్ట్రీటూ అయిన పెద్ద బజారు. ఇటు నడిస్తే రాణీగంజ్, అటు నడిస్తే జనరల్ బజార్, ఇంకాస్త ముందుకు పోతే హుస్సేన్ సాగర్. చీర కావాలన్నా, నీళ్ళ మోటారు కావాలన్నా, పుణ్యం కావాలన్నా కాలినడకన వెళ్ళి తెచ్చుకోవచ్చు. అక్కావాళ్ళది ఖమ్మం. పిల్ల చదువు గచ్చిబౌలి వైపు. హాస్టలు తిండి సరిపడక మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే ప్యారడైజ్ దగ్గర మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కణ్ణించి బస్సు. తిరిగొచ్చేసరికి రాత్రి ఏ తొమ్మిదో పదో.

ఇంట్లో మిగిలిన వాళ్ళం ముగ్గురం. నేనూ, మావారూ, ఎనభయ్యారేళ్ళ మామగారూను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అంతకుముందు చిన్నతనంలో సంస్కృత పాఠశాలలో చదువుకున్నారు. మూడేళ్ళ క్రితం గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఛాతీలో పేస్‌మేకరు అమర్చారు. ఇంచుమించు అగ్గిపెట్టెంత ఉంటుంది. అప్పటినించీ ఆయన కులాసాగానే ఉన్నారు. ఈ ముచ్చటలో ఆ పెట్టెకీ భాగముంది కనక ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఒక ఆదివారం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పిల్లని నిలదీశాను. "అమ్మడూ, నలుగురిలో చెప్పుకోవడానికైనా నీ చదువేమిటో నాకర్థమయ్యేలా చెప్పవే" అన్నాను.

అది కాసేపు ఆలోచించింది. "పిన్నీ, మొన్న బాబాయి మోటారుకి నట్టు కొనడానికి రాణీగంజ్ వెళితే ఏమైంది?" అంది.

ఏమవుతుందీ, మావారు బోల్టు చేత్తో పట్టుకుని వెళ్ళి, కళ్ళతోటే కొలిచి ఓ నట్టు ఏరుకున్నారు. షాపతను అది చూడగానే, "సార్, బోల్టు మిల్లీమీటర్లది, నట్టు అంగుళాలది. ఇది దానికి పట్టదు" అని ఇవ్వనన్నాడు.

"ఆ షాపతని పనే మా భాషలు చేస్తాయి. నట్టు ఇంటికి తెచ్చి, బలవంతాన బిగించి, మోటారు తిరిగి, ఊడి పడ్డాక ఏడవడం కాదు. గల్లాపెట్టె దగ్గరే ఆపేయడం. ప్రోగ్రాములో ప్రతి వస్తువుకీ ఒక జాతి ఉంటుంది. దాన్ని టైపు అంటాం. జాతి కలవని రెంటిని కలపబోతే, ప్రోగ్రాము నడవకముందే భాష ఒప్పుకోదు."

ఇంతమాత్రానికి భాషా, చదువూ ఎందుకు, జాగ్రత్తగా ఉంటే చాలదూ అన్నారు మావారు. అప్పుడు చెప్పింది. అమెరికా నాసా వాళ్ళు 1998 డిసెంబరులో కుజగ్రహానికి ఒక నౌకని పంపారు. తొమ్మిది నెలలకు పైగా బాగానే ప్రయాణించింది. కానీ తోపు బలాన్ని ఒక జట్టు ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో ఇస్తుంటే, అందుకునే జట్టు అది మెట్రిక్ లెక్క అనుకుంటూ వచ్చింది. 1999 సెప్టెంబరులో కుజుడి దగ్గరకు చేరీ చేరగానే అది ఉండవలసినదానికన్నా కిందికి దిగిపోయి, మరి కనబడకుండా పోయింది. వాళ్ళందరూ మావారికన్నా జాగ్రత్త కలవాళ్ళే కదా! ఆ రెండు జట్లకీ మధ్య ఒక రాణీగంజ్ షాపతను లేకపోయాడు. అంతే.

మావారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "పరీక్షించి చూసుకోవాలమ్మా. ఒకటికి వందసార్లు నడిపి చూస్తే తప్పులు అవే బయటపడతాయి" అన్నారు.

వరండాలో పేపరు చదువుకుంటున్న మామగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "వందసార్లు చూస్తే సరిపోతుందిట్రా? వజ్రం సంగతేమిటి?" అన్నారు.

మా ఇంట్లో వజ్రాలెక్కడివా అని నేను కంగారుపడ్డాను. ఆయన చెప్పింది వేరే. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అని మన తెలుగువాడే ఒకాయన ఉండేవాడు. తర్కం నేర్చుకునే పిల్లల కోసం 'తర్కసంగ్రహం' అనే చిన్న పుస్తకం రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటినా సంస్కృత పాఠశాలల్లో తర్కానికి అదే తొలి మెట్టు. ఊరికే కాశీకి వెళ్ళొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో ఒక సామెత కూడా ఉంది. ఆయన తన పుస్తకానికి తనే 'దీపిక' అని వ్యాఖ్య రాసుకుని, అందులో ఈ వజ్రం మాట ఎత్తాడట. భూమికి సంబంధించిన వస్తువుల మీద ఇనుముతో గీస్తే గీత పడుతుంది. మట్టి మీద పడింది, రాయి మీద పడింది, కుండ మీద పడింది. వందసార్లు చూశాం. అయినా వజ్రం దగ్గరికొచ్చేసరికి పడలేదు. అంచేత వందసార్లు జరిగిందని ఎప్పటికీ జరుగుతుందనడానికి లేదు.

"మా ఊళ్ళో పరీక్షలు పెట్టే ఇంజనీర్లందరికీ ఈ ఒక్క ముక్కా గోడమీద రాసి పెట్టాలి తాతగారూ!" అని పిల్ల ఎగిరి గంతేసింది.

ఆ పుస్తకంలో మరో మాట విని నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. తర్కానికి అందరూ చెప్పే ఉదాహరణ కొండమీద నిప్పు. మామగారు అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే మడుస్తూ చెప్పారు. కొండమీద నిప్పుంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఎక్కడుంటే నిప్పక్కడుంటుంది, ఫలానా చోట ఉన్నట్టు. ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది. కనక నిప్పుంది. ఆ 'ఫలానా చోట' ఏదో చెప్పుకోండి? మహానసం. అంటే వంటిల్లు! ఇన్ని వందల ఏళ్ళుగా తర్కశాస్త్రం యావత్తూ తన రుజువుకి మన వంటింటి గుమ్మంలోకే వచ్చి నిలబడుతోందన్నమాట. ఆ మాట ఎవరూ ఇన్నాళ్ళూ మనకి చెప్పనే లేదు చూశారా!

పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. మరి పొగ లేకపోతే? నిప్పు లేదనుకోవచ్చా? కూడదట. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పచ్చికట్టె కలిస్తేనే పొగ. మన గ్యాసు స్టవ్వే చూడండి. నీలంగా మండుతుంది, పొగ మచ్చుకైనా ఉండదు, చెయ్యి పెడితే మాత్రం చుర్రుమంటుంది.

"పిన్నీ, నా చదువంతా ఇదే" అంది పిల్ల. "ప్రోగ్రాములో తప్పు నిప్పు. పరీక్షలో అది బయటపడటం పొగ. పొగ కనిపిస్తే తప్పున్నట్టే. కనిపించకపోతే తప్పు లేదనడానికి లేదు. లోకమంతా పొగ కనబడలేదు కనక నిప్పు లేదని సంతకాలు పెట్టేస్తోంది. నిప్పు లేదని నేరుగా రుజువు చేసే దారులు వెతకడమే మా పని."

అలా సంతకం పెట్టిన ఒక యంత్రం కథ చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. థెరాక్-25 అని, కాన్సరు రోగులకు కిరణాలతో వైద్యం చేసే యంత్రం. 1986లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం టైలర్ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో దాన్ని నడిపే ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఒక రోగికి వివరాలు కొడుతూ ఒక అక్షరం బదులు ఇంకోటి కొట్టింది. వెంటనే చూసుకుని గబగబా దిద్దుకుంది. మనం రోజూ ఫోనులో చేసే పనే. కానీ అంత వేగంగా దిద్దితే యంత్రం లోపలి అమరిక ఒకటీ, తెర మీద కనబడేది మరొకటీ అయిపోయేలా ప్రోగ్రాములో లొసుగు ఉంది. ఆ రోగి మీద ఉండవలసినదానికి ఎన్నో రెట్లు కిరణాలు పడ్డాయి. మూడు వారాలకే ఇంకొకరికి అలాగే అయింది. ఇద్దరూ పోయారు. తయారుచేసినవాళ్ళు ఎంత ప్రయత్నించినా ఆ తప్పు వాళ్ళకి కనబడలేదు. చివరికి ఆవిడా, అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడూ కూర్చుని, సరిగ్గా ఆ రోజు కొట్టినంత వేగంగా మళ్ళీ మళ్ళీ కొట్టి చూసి, తప్పుని పట్టుకున్నారు. అటువంటి ప్రమాదాలు 1985కీ 1987కీ మధ్య మొత్తం ఆరు జరిగాయి.

తయారుచేసినవాళ్ళు అంత వేగంగా కొట్టలేదు కనక పొగ కనిపించలేదు. నిప్పు మాత్రం అక్కడే ఉంది.

"అయితే తప్పులు పట్టే పని కూడా ఒక కంప్యూటరుకే అప్పగించరాదూ?" అన్నారు మావారు. ఏ ప్రోగ్రామునిచ్చినా అది ఆగుతుందో, ఎప్పటికీ ఆగకుండా తిరుగుతూనే ఉంటుందో తప్పకుండా చెప్పగల ఒకే ఒక్క ప్రోగ్రాము ఉండదని 1936లోనే ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ అనే పాతికేళ్ళు నిండని కుర్రవాడు రుజువు చేసి పెట్టాడట. కంప్యూటర్లు పుట్టకముందే వాటికి చేతకానిదేమిటో తేలిపోయిందన్నమాట! అంచేత రుజువు మనిషే రాయాలి. రాసినది తప్పో ఒప్పో అడుగడుగునా సరిచూడటం మటుకు యంత్రం చేస్తుంది. అలా సరిచూసే సాధనం ఫ్రాన్సులో పుట్టింది. దాని పేరు ఇన్నాళ్ళూ 'కాక్', అంటే ఫ్రెంచిలో కోడిపుంజు. 2025లో 'రాక్' అని పేరు మార్చారు కానీ మా ఇంట్లో అది కోడిపుంజే. "ఇవాళ కోడిపుంజు ఒప్పుకుందా?" అని నేనడగడం, "లేదు పిన్నీ, పదిహేడో మెట్టు దగ్గర మొరాయించింది" అని అది చెప్పడం. 'ఇది తెలిసిన విషయమే కదా' అంటే ఆ పుంజు వినదు. 'మిగతాది కూడా ఇలాగే' అన్నా వినదు. ఏ అత్తగారూ ఏ కోడలినీ అంతలా సతాయించి ఉండదు.

రుజువుకీ ప్రోగ్రాముకీ సంబంధమేమిటని కూడా అడిగాను. దానికి అది చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది. "పాలుంటే పెరుగవుతుంది అన్నావనుకో పిన్నీ, దానికి రుజువేమిటి?" అంది. నేను చెప్పలేకపోయాను. "తోడుపెట్టే పద్ధతే రుజువు. పాలు ఇస్తే పెరుగు చేసి చూపించే పద్ధతి నీ చేతిలో ఉంటే, నీ మాట రుజువైనట్టే. పెరుగుంటే వెన్న వస్తుందన్నదానికి చిలికే పద్ధతి రుజువు. రెంటినీ కలిపితే పాలుంటే వెన్న వస్తుందని మూడో రుజువు. పద్ధతి అంటే ప్రోగ్రామేగా!"

ఈ పోలికను హాస్కెల్ కర్రీ, విలియం హవర్డ్ అని ఇద్దరు తార్కికులు గమనించారట. హవర్డ్‌గారు 1969లో రాసుకున్న కాగితాలు చేతులు మారుతూ మారుతూ 1980లో గాని అచ్చుకాలేదు. అంతకుముందు 1930లలో అలొంజో చర్చ్ అనే ఆయన తర్కం కోసమని లాంబ్డా అని ఒక లెక్క కనిపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే జాన్ మెకార్థీ అనే ఆయన ఆ గుర్తుని తెచ్చి లిస్ప్ అనే కంప్యూటరు భాషలో పెట్టుకున్నాడు. ఆ మెకార్థీగారి దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో చదివి 1966లో డాక్టరేటు పుచ్చుకున్నవాడు మన తెలుగువాడే, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. ఆయన పని తర్కం మీద కాదు, మనిషి మాటని యంత్రం చేత గుర్తుపట్టించడం మీద. 1994లో ట్యూరింగ్ పేరు మీద ఇచ్చే అవార్డు ఆయనకి వచ్చింది. మాటని యంత్రం ఎలా గుర్తుపడుతుందని కాటూరులో ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, వాళ్ళమ్మగారు కూడా నాలాగే శనగలు కొంగున కట్టుకుని వచ్చేసి ఉండేవారు!

మా పిల్ల పని ఆ తర్కంలో ఒక కొమ్మ. వేరుపాటు తర్కం అనుకోండి. 2000 ప్రాంతాల్లో జాన్ రేనాల్డ్స్, పీటర్ ఓహర్న్ మొదలైనవాళ్ళు కట్టిన శాస్త్రం. ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళు వంట చేస్తున్నారు. పెద్దావిడ డబ్బాలు వేరు, చిన్నావిడ డబ్బాలు వేరు. ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టరు. అలాంటప్పుడు పెద్దావిడ పప్పు సరిగా ఉడుకుతుందా లేదా అని చూడటానికి చిన్నావిడ ఏం చేస్తోందో పట్టించుకోనక్కర్లేదు. ఎవరి వంట వారిదిగా సరిచూసుకుంటే చాలు, ఇంటి వంటంతా సరిగా ఉన్నట్టే. కంప్యూటరులో ఒకేసారి పనిచేసే ప్రోగ్రాములు తోడికోడళ్ళు. జ్ఞాపకంలో అరలు డబ్బాలు. చిక్కల్లా అరువు దగ్గర వస్తుంది. ఒకరి ఉప్పు డబ్బా ఇంకొకరు తీసుకుని మళ్ళీ ఇస్తుంటే ఎవరెప్పుడు దాన్ని ముట్టవచ్చు? అరువులున్నా కూడా ఇంట్లో గొడవ రాదని రుజువు చేయడమే మా పిల్ల సిద్ధాంతం. ఇది విని, ఈ పరిశోధనకి అమెరికా దాకా ఎందుకు, మా పుట్టింటికి వచ్చి నాలుగు రోజులుంటే పోయేదన్నాను.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే చలికాలం వచ్చింది. ఏదో వ్యాసం గడువని పిల్ల రాత్రి పదకొండు దాటాక రావడం మొదలుపెట్టింది. మెట్రో వేళ దాటిపోతే, దానితో పాటు పనిచేసే అబ్బాయి మారేడ్‌పల్లి వెళుతూ మా గల్లీ చివర స్కూటరు మీద దింపి వెళ్ళేవాడు. నాలుగు రాత్రులు అలా జరిగిందో లేదో, ఎదురింటావిడ కూరగాయల సంచీతో మా అరుగు మీద కూర్చుంది. మంచి మనిషే. నాకు జ్వరం వస్తే రెండు పూటలా జావ కాచి తెచ్చిన మనిషి.

"అక్కా, నేనేమంటలేను. గల్లీల అందరు అనుకుంటున్నరు. ఆడపిల్ల గదా. నిప్పు లేంది పొగొస్తదా?" అంది.

నాకు నోట మాట రాలేదు. వరండాలోంచి మామగారే అందుకున్నారు. "పొగ ఉంటే నిప్పుంటుందమ్మా, కాదనను. కానీ నువ్వు చూసింది పొగేనా అని. పొద్దున్నే హుస్సేన్ సాగర్ మీద తెల్లగా లేస్తుందే, దూరంనించి చూస్తే అదీ పొగలాగే ఉంటుంది. చెరువులో పొయ్యి ఎవరు పెట్టారు?"

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఫక్కున నవ్వేసింది. "పెద్దాయనతోని మాట్లాడి గెలుస్తమా!" అని లేచి వెళ్ళింది. ఆ తర్వాత గల్లీలో ఆ మాట నా చెవిన పడలేదు. ఆడపిల్లల విషయంలో లోకం ఎంత మంచుని పొగగా చూస్తుందో మీకు చెప్పాలా? సామెత నిజమే. సామెతని వాడే తొందరే తప్పు.

ఆ తర్వాత ఆషాఢం వచ్చింది. బోనాలకి మా పేటంతా వేపాకూ, పసుపూ, డప్పులూ. ఆదివారం బోనాలైతే మర్నాడు రంగం. అమ్మవారి ముందు పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ ఆ ఏటి భవిష్యం చెబుతుంది. ఆ సందట్లో పిల్ల పెందరాళే ఇల్లు చేరి, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరితే అప్పుడు చెప్పింది. కోడిపుంజు ఒక మెట్టు దగ్గర నెలరోజులుగా మొరాయిస్తోందట. పుంజుదే మొండితనం అనుకుంది. ఆ రోజు తేలింది, పుంజుదే నిజం. పెద్దావిడ దగ్గర అరువు తెచ్చుకున్న డబ్బాని చిన్నావిడ తిరిగి ఇచ్చేలోగా పక్కింటావిడకి అరువిచ్చిందనుకోండి. అప్పుడు సిద్ధాంతం నిలబడదు. నాలుగేళ్ళ కట్టడంలో అడుగురాయి కదిలింది.

మర్నాడే ఖమ్మంనుంచి అక్క ఫోను. మాదాపూర్‌లో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి రమ్మంటున్నారు. దీని ఫెలోషిప్ మొదటి రెండేళ్ళూ నెలకు 37,000, తర్వాత 42,000. అయిదేళ్ళతో ఆఖరు, ఇంక పది నెలలే మిగిలింది. వాళ్ళు ఇస్తామన్నది దానికి మూడు రెట్లు. "చాల్లే చదివింది. అదేమో ఏడుస్తోంది, నువ్వేమో వంత పాడుతున్నావు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. చేరిపొమ్మను" అంది. అక్కని తప్పుపట్టలేను. బావగారి పెన్షను మీద ఇల్లు గడవాలి, వెనక చిన్నది ఉంది.

ఆ సాయంత్రం పిల్ల మామగారి కుర్చీ దగ్గర కింద కూర్చుంది. "నా సిద్ధాంతం నిజమేనని నాకు తెలుసు తాతగారూ, ఎక్కడో చిన్న సర్దుబాటు, అంతే" అంది.

"నీకు తెలిస్తే అది నీ కోసం చేసుకున్న అనుమానం. స్వార్థానుమానం అంటారు. ఇంకొకళ్ళని ఒప్పించాలంటే పరార్థానుమానం కావాలి. దానికి అయిదు మెట్లూ ఉండాలి. ఒకటి తగ్గినా కుదరదు" అన్నారాయన. కాసేపాగి, తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని అడిగారు. "ఏమ్మా, ఈ పెట్టెలో ఉన్నదీ ప్రోగ్రామేనా?"

"అవును తాతగారూ."

"దీన్నెవరైనా నువ్వు చెప్పినట్టు రుజువు చేశారా?"

పిల్ల అబద్ధం చెప్పలేదు. చాలా కఠినమైన పరీక్షలు పెడతారంది. లక్షలాది మందికి ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాయంది. 2007లో పేస్‌మేకర్లు చేసే ఒక పెద్ద కంపెనీ తన పాత పరికరం వివరాలు బయటపెడితే, తార్కికులు దాన్ని ఒక పందెంలా తీసుకుని రుజువు చేయబూనుకున్నారనీ, ఆ పని మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయనీ చెప్పింది. "ఈ పెట్టె సంగతి మాత్రం నాకు తెలీదు తాతగారూ" అంది.

"అంటే ఇంకా వంటింటి దగ్గరే ఉన్నామన్నమాట. వజ్రం ఎదురుపడలేదు, అంతే" అని ఆయన నవ్వారు.

పిల్ల నవ్వలేదు. ఆ చేతికేసే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే దాని గదిలో దీపం వెలుగుతోంది.

మూడు వారాల తర్వాత అది తన సిద్ధాంతాన్ని చిన్నది చేసింది. ఏ అరువులైనా సరే అన్న మాట తీసేసి, అరువు తెచ్చుకున్నది మూడోవాళ్ళకి ఇవ్వని ఇళ్ళలో మాత్రమే అని హద్దు గీసింది. అంత గొప్పది ఇంతైందే అని నేను బాధపడబోతే, "ఇంతమటుకు నిజం పిన్నీ. పుంజు ఒప్పుకుంది" అంది. ఆ ముఖంలో నాలుగేళ్ళలో నేను చూడని నిమ్మళం కనిపించింది. గురువుగారు కూడా ఈ హద్దుతోనే ముందుకు పొమ్మన్నారట. మిగిలిన అధ్యాయాలన్నీ తిరగరాయాలి. ఇంకా ఏడాదిన్నర పని.

అక్కకి నేనే ఫోను చేశాను. "ఉద్యోగాలు రేపూ ఉంటాయి. ఫెలోషిప్ అయిపోయాక దానికి మా ఇంట్లో అన్నానికి లోటు లేదు. చిన్నదాని ఫీజుకి నా చీటీ డబ్బుంది, తర్వాత తీర్చుకోవచ్చు" అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇంత చదివీ అది చెప్పేదేమిటే? ఫలానా చోట మాత్రమే గొడవ రాదు అనా?" అంది.

అవునక్కా, అంతే. ఫలానా చోట మాత్రం గొడవ ఎప్పటికీ రాదు అని. 'ఎప్పటికీ' అనే మాట నీ నోటా నా నోటా రోజుకి పదిసార్లు వస్తుంది. పెళ్ళిళ్ళలో అంటాం, అప్పుపత్రాల మీద రాస్తాం. ఆ మాట అనడానికి అయిదేళ్ళు పట్టిన మనిషిని నేను దీన్నే చూశాను.

ఇందులో మనకి తెలియనిది మాత్రం ఏముందండీ? రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ నాబ్ తిప్పి ఉందో లేదో చేత్తో తడిమి, కింద సిలిండరు కట్టేసి, గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి గాని మనం పక్క ఎక్కం. పొగ రావడం లేదు కదా అని ఏ ఇల్లాలూ ఊరికే పడుకోదు. ఇంట్లో ఈ పని చేసే మనిషి ఒకరుంటారనే కదా మిగిలినవాళ్ళు నిద్రపోతారు! ఆస్పత్రుల్లో, రైళ్ళలో, ఆకాశంలో, మా మామగారి గుండెలో తిరిగే యంత్రాలకీ అలా వెనక్కి వెళ్ళి చూసే మనిషి ఒకరుండాలి. అందుకు ఏడాదిన్నర ఎక్కువ పడితే పడనివ్వండి.